సమత తీర్పు, 1/70 చట్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏజెన్సీలో, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతాల్లో, భూమి మాట వస్తే రెండు పేర్లు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి వన్ ఆఫ్ సెవెంటీ, అంటే 1/70 చట్టం, రెండోది సమత జడ్జిమెంట్. చాలామందికి పేర్లు తెలుసు, లోపల ఏముందో తెలీదు. అరకు, పాడేరు వైపు భూమి కేసుల అర్జీలు రాసిపెట్టే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను ఈ తీర్పు వైపు నిలబడే మనిషిని. అది ముందే చెప్పడం మంచిది.

సమత తీర్పు అంటే ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.

1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. సమత అనే స్వచ్ఛంద సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు గానీ, ప్రైవేటు కంపెనీలకు గానీ గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని ముగ్గురిలో ఇద్దరు జడ్జిలు చెప్పారు. అది గిరిజనుడి పట్టా భూమైనా, అడవైనా, సర్కారు బంజరైనా సరే, ఇచ్చేది ప్రభుత్వమే అయినా సరే.

గొడవ ఎక్కడ మొదలైంది?

బొర్రా గుహల దగ్గర. విశాఖపట్నం నుంచి అరకు రైల్లో వెళ్లినవాళ్లు అక్కడ దిగే ఉంటారు. గుహ లోపల సున్నపురాయి మీద నీళ్లు చుక్క చుక్కగా కారి ఎన్నో వేల ఏళ్లకు శివలింగాల్లా, జడల్లా గట్టిపడ్డ ఆకారాలు చూసి వచ్చేస్తారు. గుహ బయట, అనంతగిరి మండలంలోని అవే కొండల్లో కాల్సైట్ ఉంది. ఆ రాయి ముక్క ఒకటి నా దగ్గర ఉంది. గడ్డకట్టిన పాలలా తెల్లగా ఉంటుంది. సుత్తితో కొడితే గుండ్రంగా పగలదు, ఏటవాలు పలకలుగా విడిపోతుంది. ఫ్యాక్టరీలకు ఆ రాయి కావాలి.

ఆ రాయి కోసం బొర్రా చుట్టుపక్కల పల్లెల్లో గిరిజనేతరులకూ కంపెనీలకూ ప్రభుత్వం లీజులు ఇచ్చింది. తరతరాలుగా అక్కడ రాగులు, సామలు పండించుకుంటున్న ఆదివాసీల్లో చాలామందికి చేతిలో పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి రికార్డులో అది సర్కారు భూమి. సర్కారు భూమి కాబట్టి లీజుకు ఇచ్చేయొచ్చు. లెక్క అలా నడిచింది. దున్నేవాడికి కాగితం ఇవ్వాల్సింది ప్రభుత్వమే, కాగితం లేదన్న సాకుతో ఆ భూమిని ఇంకొకరికి ఇచ్చింది కూడా ప్రభుత్వమే. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

సమత హైకోర్టుకు వెళ్లింది. గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదన్న 1/70 నిషేధం ప్రభుత్వ భూమికి వర్తించదని 1995లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. అక్కడి నుంచి కేసు ఢిల్లీకి చేరింది.

కొందరు 1959 చట్టం అంటారు, కొందరు 1/70 అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఏజెన్సీలో భూమి బదిలీల మీద అసలు రెగ్యులేషన్ (ఐదో షెడ్యూలు కింద గవర్నరు చేసే చట్టం) 1959లో వచ్చింది, దానికి 1970లో చేసిన సవరణ 1/70. అంటే ఆ ఏడాది వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్. సవరణ అసలుకన్నా గట్టిది కాబట్టి జనం నోట్లో దాని పేరే నిలిచిపోయింది.

దీని మూలాలు ఇంకా వెనక్కి వెళ్తాయి. మద్రాసు ప్రభుత్వం 1917లోనే గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు ఒక చట్టం చేసింది. కొండ మీది మనిషి తన భూమిని మైదానం మనిషికి ఇవ్వాలంటే ఏజెంటు, అంటే ఆ ప్రాంతాన్ని పాలించే కలెక్టరు, అనుమతి ఉండాలి. తెల్లదొరలకు ఆదివాసీల మీద ప్రేమ పుట్టి ఈ చట్టం చేశారని నేననుకోను. షావుకార్ల అప్పుల్లో భూములు పోయినప్పుడల్లా మన్యంలో పితూరీలు లేచాయి, ఆ భయం వాళ్లకు ఉంది. నిజాం రాజ్యంలోనూ అంతే. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలిచ్చాకే అక్కడ గిరిజన ప్రాంతాల రక్షణకు చట్టాలు కదిలాయి. 1959 రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేశారు.

1959 నాటి చట్టంలో ఒక కిటికీ తెరిచి ఉంచారు. అధికారి అనుమతిస్తే గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనుక్కోవచ్చు. ఆ కిటికీలోంచి ఎంత భూమి పోవాలో అంతా పోయింది. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో రగిలిన పోరాటానికి భూమి, అప్పు రెండూ కారణాలే. ఆ వేడిలోనే 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 అమల్లోకి వచ్చి కిటికీ మూసేసింది. ఇక గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. అమ్మితే గిరిజనుడికి లేదా పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికే అమ్మాలి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే.

కేసంతా ఒక్క మాట చుట్టూ తిరిగిందంటారు. ఏమిటా మాట?

"వ్యక్తి" అనే మాట. ఏజెన్సీలో ఉన్న స్థిరాస్తిని ఏ వ్యక్తి అయినా, గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనుడికి తప్ప ఇంకెవరికి బదిలీ చేసినా చెల్లదని రెగ్యులేషన్ మూడో సెక్షన్ చెబుతుంది. అయితే ప్రభుత్వం వ్యక్తి అవుతుందా?

అవ్వదని ప్రభుత్వం, కంపెనీలు వాదించాయి. వ్యక్తి అంటే మనిషి, మహా అయితే ఒక సంస్థ. సర్కారు తన సొంత భూమిని ఎవరికి ఇచ్చుకున్నా ఈ చట్టానికి సంబంధం లేదన్నారు.

జస్టిస్ కె. రామస్వామి ఆ వాదన ఒప్పుకోలేదు. ఆయన పశ్చిమ గోదావరి జిల్లా నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన మనిషి. రిటైర్ కావడానికి ఒక్కరోజు ముందు ఈ తీర్పు చెప్పారు. వ్యక్తి అనే మాటలో మనుషులు, కంపెనీలే కాదు, రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వం కూడా ఉందన్నారు. ఐదో షెడ్యూలు ఎందుకు పెట్టారో చూడాలి, ఏజెన్సీ భూమి గిరిజనుల చేతిలోనే ఉండాలన్నది దాని లక్ష్యం అని వివరించారు. జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ ఆయనతో ఏకీభవించారు.

నాకు అర్థమైనంతలో ఇందులో పెద్ద లా పాయింట్ ఏమీ లేదు, ఇంగితం ఉంది. అర ఎకరం రైతు తన అవసరానికి కూడా అమ్ముకోకూడదని కట్టేసి, అదే కొండ మీద వందల ఎకరాలు కంపెనీకి రాసివ్వడానికి సర్కారుకు చేతులు వదిలేస్తే ఆ చట్టం ఎవరిని కాపాడినట్టు? కంచే చేను మేస్తే ఇక కంచె ఎందుకు?

ముగ్గురు జడ్జిలూ ఒకే మాట చెప్పారా?

లేదు. జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు. ఆయన వాదన తీసిపారేసేది కాదు, అందుకే చెబుతున్నాను. ఐదో షెడ్యూలు ఐదో పేరాలో గవర్నరుకు ఇచ్చిన అధికారాలు రెండు వేర్వేరు ముక్కలుగా ఉన్నాయి. గిరిజనుల భూమి బదిలీని నిషేధించడం ఒకటి, గిరిజనులకు భూమి కేటాయింపును క్రమబద్ధం చేయడం ఇంకొకటి. ప్రభుత్వ భూమి బదిలీని ఆపాలని చట్టం చేసినవాళ్లు అనుకుంటే ఆ మాటే నేరుగా రాసేవాళ్లు, వ్యక్తి అనే పదాన్ని సాగదీసి అంత అర్థం తీయడం కుదరదని ఆయన అభిప్రాయం. అక్షరాన్ని బట్టి చూస్తే ఆయన వైపు కొంత బలం ఉంది. చట్టం పుట్టిన కథను బట్టి చూస్తే రామస్వామి వైపే న్యాయం ఉందని నా నమ్మకం.

అయితే ఏజెన్సీలో గనులే తవ్వకూడదా?

అలా చెప్పలేదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వొచ్చు, గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చు. గనుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1991లో చేసిన సవరణ కూడా దాదాపు ఇదే చెబుతుంది.

దీనికి తోడు, వచ్చిన నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టి ఆ ప్రాంతంలో మంచినీళ్లు, బడులు, ఆస్పత్రులు, రోడ్ల మీద ఖర్చు పెట్టాలని కోర్టు చెప్పింది. ఇప్పుడున్న జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధికీ దీనికీ తేడా గమనించండి. 2015 సవరణతో వచ్చిన ఆ నిధి లాభం మీద కాదు, రాయల్టీ మీద లెక్క. వేలంలో ఇచ్చిన లీజులకు రాయల్టీలో 10 శాతం, అంతకుముందు లీజులకు 30 శాతం. రెండూ ఒకటే అని ఎవరైనా మీటింగులో చెబితే ఈ లెక్క అడగండి.

ఆ తీర్పును తర్వాత కొట్టేశారని విన్నాను.

కొట్టేయలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఇవాళ్టికీ అది నిలబడే ఉంది. కానీ గట్టి దెబ్బలే తిన్నది.

తీర్పును మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2000లో కేంద్ర గనుల శాఖ ఒక రహస్య నోట్ తయారుచేసింది. ప్రభుత్వం తన భూమిని గిరిజనేతరులకు ఇవ్వడానికి అడ్డు లేకుండా ఐదో షెడ్యూలునే సవరించాలని అందులో ప్రతిపాదన. అది బయటకు పొక్కాక దేశమంతా ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. సవరణ జరగలేదు.

2001 డిసెంబరులో బాల్కో కేసు వచ్చింది. మధ్యప్రదేశ్ నుంచి విడిపోయిన ఛత్తీస్‌గఢ్‌లో, కోర్బాలోని ప్రభుత్వ అల్యూమినియం కంపెనీని ప్రైవేటుకు అమ్మడం మీద గొడవ అది. సమత తీర్పు ప్రకారం ఆ భూమి ప్రైవేటు చేతికి పోకూడదని వాదించారు. సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న దాని మీద తమకు బలమైన అనుమానాలున్నాయని ఆ బెంచి అన్నది. కానీ అదీ ముగ్గురు జడ్జిల బెంచే. అంతే బలం ఉన్న బెంచి ఇచ్చిన తీర్పును అది రద్దు చేయలేదు. మధ్యప్రదేశ్ భూ చట్టంలో మాటలు వేరుగా ఉన్నాయి కాబట్టి సమత ఇక్కడ వర్తించదని పక్కన పెట్టింది. సమత పోయిందని చెప్పేవాళ్లు బాల్కో పేరు చెబుతారు. పూర్తిగా చదివితే అలా లేదు.

ఒడిశా, ఝార్ఖండ్ లాంటి చోట్ల ఇది చెల్లుతుందా?

షెడ్యూల్డ్ ప్రాంతాలున్న రాష్ట్రాలు 10. మన 1959 రెగ్యులేషన్ లాంటి చట్టం అన్నిచోట్లా లేదు, ఉన్నచోట కూడా మాటలు వేరు. అలాంటి రాష్ట్రాలు కమిటీ వేసుకుని ఆలోచించాలని, ముఖ్యమంత్రులతో ప్రధాని సమావేశం పెట్టి ఒక జాతీయ విధానం తేవాలని తీర్పులోనే ఉంది. నేరుగా వర్తించకపోయినా దాని ఊపు మాత్రం బయటికి పోయింది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెల డోంగ్రియా కోదు ఆదివాసీలు, వాళ్ల పక్కన ఉండేవాళ్లు సభలు పెట్టి 12కు 12 చోట్లా వద్దన్నారు.

మన దగ్గర బాక్సైట్ గొడవకూ దీనికీ లింకు ఏమిటి?

ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చు అన్నారు కదా, ఆ సందులోంచే బాక్సైట్ వచ్చింది. 2005 నుంచి ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందాల్లో ఏర్పాటు ఇలా ఉంది: కొండను తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ, ఆ ఖనిజం వెళ్లేది మైదానంలో పెట్టే ప్రైవేటు రిఫైనరీకి. కాగితం మీద లీజు ప్రభుత్వ సంస్థదే. కొండ మీద కాఫీ తోట ఉన్నవాడికి మాత్రం ఎవరు తవ్వినా ఒకటే, ఊటలు ఎండిపోతాయి. గుల్ల గుల్లగా ఉండే ఆ బాక్సైట్ పొరే వాన నీటిని పట్టి ఉంచి ఎండాకాలం గెడ్డల్లోకి వదులుతుంది.

2015 నవంబరులో జెర్రెల బ్లాకులో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ 97వ నంబరు జీవో వచ్చింది. మన్యం భగ్గుమంది. అమలు ఆపారు, 2019లో రద్దు చేశారు. ఆ నాలుగేళ్లు ఆ పల్లెలవాళ్లు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేనిది. తీర్పు అక్షరాన్ని పాటిస్తూనే దాని ప్రాణం తీయొచ్చని అప్పుడు తెలిసింది.

నేను గిరిజనేతరుణ్ణి. అరకులో ఒక సైటు కొనుక్కోవచ్చా?

కొనకూడదు. పొలమే కాదు, ఇల్లు, ఇంటి స్థలం కూడా స్థిరాస్తే. లీజు, తాకట్టు, బహుమతి అన్నీ బదిలీ కిందికే వస్తాయి. 99 ఏళ్ల లీజు, నోటరీ అగ్రిమెంటు, వంద రూపాయల స్టాంపు కాగితం, ఇవేవీ మిమ్మల్ని కాపాడవు. "అందరూ కొంటున్నారు, ఏమీ కాదు" అని బ్రోకరు చెబుతాడు. డబ్బు పోయేది మీది.

గిరిజనుడి పేరు మీద కొంటే?

అది బినామీ. చట్టం చేసినవాళ్లు దీన్ని ముందే ఊహించారు. గిరిజనేతరుడి లాభం కోసం ఇంకో గిరిజనుడి పేరు మీద రాయించుకున్నా అది చెల్లని బదిలీయేనని మూడో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. పని మనిషి పేరు మీద, డ్రైవరు పేరు మీద కొన్న కేసులు చూశాను. భూమి కోసమే ఆదివాసీ ఆడపిల్లను పెళ్లి చేసుకుని, ఆమె పేరు మీద పదెకరాలు కొని, ఆమెను వంటింట్లో ఉంచేసినవాళ్లూ ఉన్నారు. ఆ అమ్మాయికి తన పేరు మీద ఎంత భూమి ఉందో కూడా తెలీదు. దీని గురించి ఎంత కోపంగా రాసినా తక్కువే.

మా తాతల కాలం నుంచి ఏజెన్సీలోనే ఉన్నాం. మమ్మల్ని వెళ్లగొడతారా?

భద్రాచలం, ఏటూరునాగారం వైపు నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. అడిగేవాళ్ల గొంతులో నిజమైన భయం ఉంటుంది. చట్టం రాక ముందు న్యాయంగా వచ్చిన భూమి అయితే, దానికి కాగితాలు ఉంటే, మిమ్మల్ని ఎవరూ కదపలేరు. తండ్రి నుంచి కొడుకుకు, కూతురికి వారసత్వంగా రావడం, అన్నదమ్ములు పంచుకోవడం బదిలీ కిందికి రావు. అమ్మాలంటే గిరిజనుడికే అమ్మాలి. కొనే గిరిజనుడు దొరకకపోతే అధికారులకు దరఖాస్తు పెట్టొచ్చు, డబ్బు ఇచ్చి ప్రభుత్వం తీసుకునే వీలు ఉంది. ధర తక్కువ వస్తుందన్న బాధ నిజమే, కాదనను.

ఒకే దేశంలో పుట్టిన మాకు కొనే హక్కు లేకపోవడం అన్యాయం కాదా?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలను కూడా ఆపడం రాజ్యాంగ విరుద్ధమన్న వాదనను తోసిపుచ్చి 1988లో 1/70ని సమర్థించింది. నా మాట కూడా చెబుతాను. మీకు కొనుక్కోవడానికి మిగతా రాష్ట్రమంతా ఉంది. కోదులకూ గదబలకూ ఆ కొండ తప్ప ఇంకోటి లేదు.

2020లో టీచరు పోస్టుల తీర్పు వచ్చింది కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా?

రెండూ ఐదో షెడ్యూలు కేసులే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో ఇచ్చిన 3వ నంబరు జీవోను ఐదుగురు జడ్జిల బెంచి 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం కదపలేదు. ఆ తీర్పు భూమి జోలికి రాలేదు. 1/70 కూడా పోయిందని అప్పట్లో సంతల్లో పుకారు పుట్టింది, అది అబద్ధం.

మా భూమి ఇప్పటికే షావుకారు చేతిలో ఉంది. ఎక్కడికి వెళ్లాలి?

ఒక సంత రోజు అరవై ఏళ్ల పెద్దాయన ప్లాస్టిక్ కవరులో చుట్టిన స్టాంపు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. అడుగున నీలి రంగు వేలిముద్ర, ఆయన తండ్రిది. "అమ్మలేదు బాబూ, ఏటి బాకీకి కుదువెట్టాం" అన్నాడు. కాగితంలో మాత్రం అమ్మకం అని రాసి ఉంది. ఆయనకు చదువు రాదు. బాకీ ఎంతో కూడా గుర్తు లేదు. అది కుదువైనా, అమ్మకమైనా గిరిజనేతరుడి పేరు మీద ఉంటే చెల్లదని చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఇలాంటి కేసును ఎల్‌టీఆర్ (ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ రెగ్యులేషన్) కేసు అంటారు. గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర వేయాలి. ఏజెన్సీలో అందరూ ఎస్‌డీసీ కోర్టు అనే పిలుస్తారు. ఆ భూమితో సంబంధం ఉన్న ఎవరైనా అర్జీ పెట్టొచ్చు. ప్రభుత్వోద్యోగి రాతపూర్వకంగా చెప్పినా సరిపోతుంది, అధికారి తనంతట తానే కూడా తీసుకోవచ్చు. బదిలీ చెల్లదని తేలితే ఆక్రమించినవాణ్ని ఖాళీ చేయించి భూమిని అసలు యజమానికి లేదా వారసులకు ఇవ్వాలి. ఓడిపోతే ఏజెంటుకు, అంటే జిల్లా కలెక్టరుకు, అప్పీలు, ఆపైన ప్రభుత్వానికి రివిజన్, ఆ తర్వాత హైకోర్టు. షెడ్యూల్డ్ తెగల వాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. వకీలుకు డబ్బుల్లేవని ఇంట్లో కూర్చోకండి.

వెళ్లేటప్పుడు పాత అడంగల్ నకళ్లు, శిస్తు రసీదులు, 1బి, కుల ధృవపత్రం పట్టుకెళ్లండి. ఏ కాగితమూ లేకపోతే చుట్టుపక్కల పొలాలవాళ్ల పేర్లు, హద్దులు రాసుకుని వెళ్లండి. గిరిజనేతరుడిదే రుజువు భారం అన్న మాట అక్కడ గుర్తు చేయండి. ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన) పట్టా భూమి అయితే సంగతి వేరు. అది వారసులకు వస్తుంది గానీ ఎవరికీ అమ్మడానికి వీల్లేదు.

అర్జీ ఇచ్చిన రోజే ముద్ర, తేదీ వేయించి రసీదు తీసుకోండి. వాన తగలకుండా దాచండి. మూడేళ్ల తర్వాత పై ఆఫీసులో మొదట అడిగేది ఆ చిన్న కాగితమే.